తప్పులకు వెరవని విద్యార్థి: సి. పి. బ్రౌన్

ఇంగ్లీషులో నాలుగు మాటలు మాట్లాడవలసి వచ్చినప్పుడు మన విద్యార్థులలో పలువురు మౌనం వహిస్తారు. ఇంట ఉర్దూ మాట్లాడే ఖమ్మం పట్టణవాసికీ, తెలుగు మాట్లాడే పల్లెవాసికీ, భద్రాచలం అడవుల నుండి వచ్చిన కోయ బాలునికీ ఈ వెరపు సమానమే. తప్పు దొర్లితే నలుగురూ నవ్వుతారేమోనన్నదే ఆ వెరపు. అట్టివారు చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ జీవితాన్ని తప్పక తెలుసుకోవాలని మా అభిలాష.

బ్రౌన్ 1798 నవంబరు 10న కలకత్తాలో జన్మించారు. తండ్రి డేవిడ్ బ్రౌన్ క్రైస్తవ మతాచార్యుడు. బాల్యంలోనే కుమారునికి పలు భాషలు నేర్పించారు. 1817లో మద్రాసు చేరిన బ్రౌన్, అక్కడి కళాశాలలో వెలగపూడి కోదండరామ పంతులు వద్ద తెలుగు అభ్యసించారు. 1820లో కడపలో కొలువుకు కుదిరారు.

మనకు ఇంగ్లీషు ఎంత కఠినమో, ఆంగ్లేయునికి తెలుగు అంత కఠినం. మనం 'డిడ్' తరువాత 'గో' అనవలసిన చోట 'వెంట్' అంటాము. 'డిస్కస్' అన్న క్రియకు అనవసరంగా 'ఎబౌట్' తగిలిస్తాము. 'రిసీవ్' అన్న మాట వ్రాసేటప్పుడు అక్షరాలు తారుమారు చేస్తాము. ఆంగ్లేయునికి త-ట, ల-ళ భేదాలు చెవికి అందవు. 'మనము', 'మేము' అన్న రెంటికీ అతని భాషలో ఒక్కటే మాట. మన తప్పులలో అనేకం బుద్ధిహీనత వలన కాక, మాతృభాష అలవాటు వలననే కలుగుతాయి.

బ్రౌన్‌కు ఎదురైన చిక్కు మరొకటి ఉన్నది. తాళపత్ర ప్రతులలో లేఖకుల తప్పులు మెండు. ఆయన ఒకే గ్రంథానికి పెక్కు ప్రతులు సేకరించి, పండితులకు తమ సొంత సొమ్ము నుండి జీతాలిచ్చి, వాటిని సరిపోల్చి శుద్ధప్రతులు వ్రాయించారు. అందుకై అప్పులపాలైనా పని మానలేదు. వేమన పద్యాలకు ఆంగ్లానువాదం చేసి 1829లో ప్రకటించారు. మన భద్రాద్రిని ఒరుసుకొని పారే గోదావరికి దిగువనున్న రాజమండ్రిలోనూ ఆయన కొంతకాలం ఉద్యోగం చేశారు.

1838లో ఆయన ప్రభుత్వ పారసీక అనువాదకులయ్యారు. 1840లో తెలుగు వ్యాకరణాన్ని, 1852 నుండి 1854 వరకు నిఘంటువులను వెలువరించారు. వీనిలో ఒకటి మిశ్రభాషా నిఘంటువు. 'హాజరు', 'దస్తావేజు' వంటి అన్యదేశ్యాలు మన వ్యవహారంలో ఎంతగా కలిసిపోయాయో ఎరిగినవాడాయన. ఉర్దూ, తెలుగు ఒకే ప్రాంగణంలో వినవచ్చే మన కళాశాలకు ఆయన ఈ విధంగానూ ఆత్మీయుడే.

1855లో స్వదేశం చేరిన బ్రౌన్, అటుపిమ్మట లండన్ విశ్వవిద్యాలయంలో తెలుగు బోధించి, 1884 డిసెంబరు 12న కన్నుమూశారు. కడపలో ఆయన పేర భాషా పరిశోధన కేంద్రం వెలసింది.

ఇంతటి పండితుని నిఘంటువు సైతం దిద్దుబాటుకు అతీతం కాలేదు. 1903లో వెలువడిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు రెండవ కూర్పును సంస్కరించిన వారిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు ఒకరు. దిద్దుబాటు వలన బ్రౌన్ కీర్తి తరగలేదు. గ్రంథం ఆయుష్షు పెరిగింది.

కనుక విద్యార్థి మిత్రులారా, మాట్లాడండి. తప్పు దొర్లితే ఆ రాత్రియే దానిని, దాని సరైన రూపాన్ని ఒక పుస్తకంలో పక్కపక్కన వ్రాసుకోండి. తోటివాని తప్పు విన్నప్పుడు నవ్వక, మెల్లగా సరిదిద్దండి. తప్పు పలికిన నోటిని దిద్దగలం. మూసుకొన్న నోటిని ఏ గురువూ దిద్దలేడు.