పియానో విదుషీమణి క్లారా షూమన్

మన ప్రార్థనలలో మ్రోగు హార్మోనియము నెరుగని విద్యార్థి యుండడు. పియానోకును అట్టి మెట్లే గలవు. కాని యది గాలిచే గాక, మెట్టు నొక్కినప్పుడు లోపలి చిన్నసుత్తి తీగెను కొట్టుటచే మ్రోగును. ఆ వాద్యమున అరువది యేండ్లకు పైగా యూరపుఖండము నలరించిన స్త్రీ క్లారా షూమన్.

ఈమె 1819వ సంవత్సరము సెప్టెంబరు 13వ తేదీని జర్మనీలోని లైప్సిగ్ నగరమున జన్మించెను. తండ్రి ఫ్రీడ్రిఖ్ వీక్ పియానో బోధకుడు. తలిదండ్రులు వేరుపడగా బాలిక తండ్రి యొద్దనే పెరిగెను. మాటలు మిక్కిలి యాలస్యముగా వచ్చుటచే చెవిటిదేమో యని యింటివారు శంకించిరి! అట్టి బిడ్డకు తండ్రి ప్రతిదినము పాఠము చెప్పి, గంటలకొలది సాధన చేయించి, పిమ్మట ఆరుబయట చాలదూరము నడిపించెడివాడు. ఆయన కఠినుడే, అయినను ఆ నడక సంగతి మన బాలురు గమనింపదగినది. 1828లో, తొమ్మిదవ యేట, ఆమె గెవాండ్‌హౌస్ సభామందిరమున మొదట వాయించెను. 1838లో ఆస్ట్రియా చక్రవర్తి ఆస్థాన బిరుదము లభించెను.

తండ్రి శిష్యుడగు రాబర్ట్ షూమన్‌ను పెండ్లాడుటకు తండ్రి సమ్మతింపలేదు. తనకు విద్య నొసగిన వానితోనే న్యాయస్థానమున వాదింపవలసి వచ్చెను. 1840లో వివాహము జరిగెను. భర్త స్వరరచన సాగించువేళ నామె తన సాధన మానుకొనవలసినదే. ఎనమండుగురు బిడ్డలు కలిగిరి.

1849 మే నెలలో డ్రెస్డెన్ పట్టణమున తిరుగుబాటు చెలరేగెను. భర్తను, పెద్దకుమార్తెను వెంటగొని యామె పట్టణము విడిచెను. చిన్నపిల్లలు మువ్వురు ఇంటనే యుండిపోయిరి. అప్పుడామె నిండు గర్భిణి. అయినను రాత్రివేళ కాలినడకను వెనుకకు వచ్చి, వారిని తోడ్కొని పోయెను.

1854లో రాబర్ట్‌కు మతి చలించి రైన్‌నదిలో దుమికెను. జాలరులు రక్షింపగా, వైద్యశాలలో చేర్చిరి. రెండేండ్లకు పైగా భార్యను చూడనీయలేదు. 1856 జూలైలో, మరణమునకు రెండు దినములు ముందు మాత్రమే యామె యాయనను చూచెను. స్నేహితులు సహాయార్థము కచేరీ చేయుదుమనగా వలదని, తానే దేశదేశములు తిరిగి వాయించి బిడ్డలను పోషించెను. పుస్తకము ముందుంచుకొనకయే వాయించుట ఆ కాలమున అరుదు. ఆమె యట్లే వాయించెడిది. చేతినొప్పి కొంతకాలము కచేరీల నాపినను, మరల లేచెను.

1878 మొదలు ఫ్రాంక్‌ఫర్టులోని హోఖ్ సంగీత విద్యాలయమున బోధించెను. కడపటి కచేరీ 1891లో, డెబ్బదియొకటవ యేట. 1896 మే 20వ తేదీని మరణించుటకు ముందు, మనుమడు ఫెర్డినాండు తాతగారి స్వరరచన నొకదానిని ఆమె కొరకు వాయించెను. బాన్ నగరమున భర్త ప్రక్కనే యామెను సమాధి చేసిరి.