జైపాల్ సింగ్ ముండా: హాకీ మైదానం నుంచి రాజ్యాంగ సభ దాకా



స్వర్ణోత్సవ సంచికకు వ్యాసం కావాలని మిత్రులు అడిగినప్పుడు, ఇంజనీరును కాబట్టి వంతెనల గురించో కాంక్రీటు గురించో రాస్తానని అనుకుని ఉంటారు. కానీ ఆటల్లో ఆమదాలవలసకు ఒక గౌరవం ఉంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచి, ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా నిలిచిన కరణం మల్లీశ్వరి మన ఊసవానిపేట ఆడపడుచే. అందుకే మన సంచికలో ఒక ఆటగాడి జీవితం చెప్పుకోవాలనిపించింది. ఉద్యోగరీత్యా కొన్నేళ్లు రాంచీలో ఉన్నప్పుడు ఆయన గురించి తెలుసుకున్నాను. ఆయనే జైపాల్ సింగ్ ముండా.

ఆయన 1903 జనవరి 3న నేటి జార్ఖండ్‌లోని ఖూంటీ దగ్గర టకరా అనే పల్లెలో పుట్టారు. మన మన్యంలో సవరలు, జాతాపులు ఎలాగో అక్కడ ముండాలు అలాగ. చిన్నతనంలో పశువులు కాసుకునే ఆ పిల్లవాడిని రాంచీలోని సెయింట్ పాల్స్ మిషన్ బడిలో చేర్చారు. అతనిలోని చురుకుదనాన్ని కనిపెట్టినవారు ఆ బడి ప్రిన్సిపాల్ కాస్‌గ్రేవ్. 1918లో ఆయనే జైపాల్‌ను ఇంగ్లండ్ తీసుకెళ్లారు. జైపాల్ ఆక్స్‌ఫర్డ్‌లోని సెయింట్ జాన్స్ కాలేజీలో అర్థశాస్త్రం చదివారు. హాకీలో డిఫెండర్‌గా పేరు తెచ్చుకుని, ఆ విశ్వవిద్యాలయం మేటి క్రీడాకారులకిచ్చే 'బ్లూ' గౌరవం పొందారు. తర్వాత ఐ.సి.ఎస్.కు ఎంపికై శిక్షణలో చేరారు.

అదే సమయంలో, 1928లో, భారత హాకీ జట్టు తొలిసారి ఒలింపిక్స్‌కు బయలుదేరింది. కెప్టెన్‌గా జైపాల్‌ను ఎంపిక చేశారు. సెలవు అడిగితే ఇవ్వలేదు. అయినా ఆయన ఆమ్‌స్టర్‌డామ్ వెళ్లారు. ఆస్ట్రియా, బెల్జియం, డెన్మార్క్, స్విట్జర్లాండ్, ఫైనల్లో ఆతిథ్య నెదర్లాండ్స్‌ను ఓడించి మన జట్టు స్వర్ణం గెలిచింది. ఐదు మ్యాచుల్లో 29 గోల్స్ కొట్టి, ఒక్కటి కూడా ఇవ్వలేదు. అందులో 14 గోల్స్ ధ్యాన్‌చంద్‌వే. అయితే చివరి మ్యాచులకు ముందే జైపాల్ జట్టును విడిచి వెళ్లారు. ఫైనల్లో పిన్నిగర్ నాయకత్వం వహించారు.

తిరిగి వెళ్లాక, శిక్షణ మరో ఏడాది చేయాలన్నారు. జైపాల్ ఐ.సి.ఎస్.నే వదిలేశారు. ఆట కోసం కలెక్టరు ఉద్యోగం వదులుకుంటానని మన ఇళ్లలో ఏ కుర్రాడైనా అంటే ఏమవుతుందో ఊహించుకోండి. ఆ తర్వాత ఆయన ఆఫ్రికాలో నేటి ఘనాలోని అచిమోటా కళాశాలలోనూ, రాయపూర్ రాజకుమార్ కళాశాలలోనూ పనిచేశారు. ఒక బడి చేయి పట్టుకుని పైకి తెచ్చిన మనిషి కొంతకాలం బడి పంతులు కావడం నాకు చాలా నచ్చిన సంగతి.

1939లో ఆదివాసీ మహాసభ అధ్యక్షుడు కావడంతో ఆయన జీవితం మరో మలుపు తిరిగింది. తనవాళ్లు ఆయన్ని మరంగ్ గోమ్కే, అంటే మహానాయకుడు, అని పిలుచుకున్నారు. 1946లో రాజ్యాంగ సభ సభ్యుడయ్యారు. ప్రజాస్వామ్యం ఆదివాసీలకు కొత్తగా నేర్పాల్సిన పని లేదని, వారి పల్లెల్లో అది ఎప్పటి నుంచో ఉందని వాదించారు. సభలో మగవాళ్లే నిండిపోయారని, ఆడవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉండాలని ఆనాడే కోరారు. మన రాజమండ్రి దుర్గాబాయి వంటి కొద్దిమంది మహిళలే ఆ సభలో ఉన్న రోజులవి.

జార్ఖండ్ పార్టీని స్థాపించి, 1952 ఎన్నికల తర్వాత బీహార్ శాసనసభలో దాన్ని ప్రధాన ప్రతిపక్షంగా నిలిపారు. కానీ రాష్ట్రాల పునర్విభజనలో ప్రత్యేక రాష్ట్రం రాలేదు. 1963లో పార్టీని కాంగ్రెస్‌లో కలిపేయడం చాలామంది అనుచరులకు రుచించలేదు. 1970 మార్చి 20న ఆయన ఢిల్లీలో కన్నుమూశారు. కోరుకున్న జార్ఖండ్ 2000 నవంబరు 15న ఏర్పడింది. చూడటానికి ఆయన లేరు.

ఆయన ఆడిన 1928 ఒలింపిక్స్‌లో మహిళల హాకీయే లేదు. 1980లో మాస్కోలో గానీ దానికి చోటు దొరకలేదు. ఇప్పుడు రాంచీలో ఆయన పేరుతో ఉన్న ఆస్ట్రోటర్ఫ్ మైదానంలో 2023 నవంబరులో మన అమ్మాయిలు ఆసియా ఛాంపియన్స్ ట్రోఫీ ఫైనల్లో జపాన్‌ను 4-0తో ఓడించారు. రెండు నెలలకే అదే మైదానంలో అదే జపాన్ చేతిలో 0-1తో ఓడి పారిస్ ఒలింపిక్స్ అవకాశం పోగొట్టుకున్నారు. ఆయన పుట్టిన ఖూంటీ ప్రాంతపు అమ్మాయి నిక్కీ ప్రధాన్ 2016 ఒలింపిక్స్‌లో ఆడింది. సిమ్డేగా పల్లె నుంచి వచ్చిన సలీమా టేటే 2024లో భారత జట్టు కెప్టెన్ అయింది.

అంతర్జాతీయ మహిళా హాకీలో పై మెట్టు ప్రో లీగ్ అయితే, కింది మెట్టు నేషన్స్ కప్. అందులో గెలిచినవారికి పై మెట్టు ఎక్కే అర్హత వస్తుంది. 2022 డిసెంబరులో స్పెయిన్‌లోని వాలెన్సియాలో జరిగిన తొలి నేషన్స్ కప్‌ను ఫైనల్లో స్పెయిన్‌ను 1-0తో ఓడించి మనవాళ్లే గెలిచారు. ప్రో లీగ్‌కు వెళ్లారు. 2025లో అట్టడుగున నిలిచి మళ్లీ కిందికి దిగారు. పెద్దగా ఎవరూ చూడని రెండో మెట్టు పోటీల్లోనే మళ్లీ లేవడం నేర్చుకోవాలి. పై మెట్టు నుంచి ఎవరూ మొదలుపెట్టరు.

అందరికంటే కింది మెట్టు బడి మైదానం. పరీక్షలు దగ్గరపడగానే ఆటల పీరియడ్ లెక్కలకు పోవడం మనందరం చూసిందే. అందులోనూ ఆడపిల్లలకు ముందుగా పోతుంది. ఈ స్వర్ణోత్సవ వేళ మన సంఘం రెండు పనులు తలపెట్టాలని నా మనవి. పదో తరగతి దాకా ఆడపిల్లల ఆటల పీరియడ్ ఎవరూ తీసుకోకుండా చూడమని ఉపాధ్యాయులను కోరుదాం. మైదానం పక్కనే వారు బట్టలు మార్చుకునేందుకు ఒక గది, నీళ్లున్న మరుగుదొడ్డి కట్టిద్దాం. ప్లాను, అంచనా నేను వేసిస్తాను. నా వంతు చందా మొదట రాసుకోండి.