నికొలాయ్ అనిచ్‌కోవ్

మానవుని గుండె నిమిషమునకు సుమారు 70 పర్యాయములు స్పందించుచు రక్తమును శరీరమంతటికిని పంపుచుండును. ఆ గుండెకు కావలసిన రక్తమును కొనివచ్చుటకు ప్రత్యేకముగా సన్నని ధమనులు కలవు. వాని లోపలి గోడలలో క్రొవ్వు పేరుకొని దారి మూసికొనిపోయినచో గుండెపోటు కలుగును. ఇరువదవ శతాబ్దారంభమున పెక్కుమంది వైద్యులు దీనిని ముసలితనముతో తప్పక వచ్చు మార్పుగా భావించిరి. తల నెరయుట యెట్టిదో ధమనులు చెడుటయు నట్టిదే యని వారి తలంపు. ఈ నమ్మకమును కదలించినవారిలో ముఖ్యుడు నికొలాయ్ అనిచ్‌కోవ్.

అనిచ్‌కోవ్ 1885వ సంవత్సరమున రష్యా దేశమునందలి సెయింట్ పీటర్సుబర్గు నగరములో జన్మించెను. అక్కడి సైనిక వైద్య విద్యాలయమున చదివి 1909లో పట్టము పొందెను. రోగములు శరీరభాగములలో కలిగించు మార్పులను పరిశీలించు శాస్త్రమునందు అతనికి మిక్కిలి ఆసక్తి.

అంతకు కొలది కాలము ముందు, 1908లో, ఇగ్నతోవ్‌స్కీ అను వైద్యుడు కుందేళ్లకు మాంసము, గ్రుడ్లు, పాలు పెట్టి చూడగా వాని ధమనులు చెడిపోయెను. మాంసకృత్తులే ఇందుకు కారణమని అతడు తలచెను. అయితే గ్రుడ్డులోని తెల్లసొన ఈ హాని చేయదనియు, పచ్చసొనయే చేయుననియు తరువాతి పరిశోధనల వలన తెలిసెను.

పచ్చసొనలో పెక్కు పదార్థములు కలవు. వానిలో అసలు దోషి ఏది? కొలెస్ట్రాల్ అను మైనము వంటి పదార్థముపై అనిచ్‌కోవ్ అనుమానము నిలిచెను. అతడు తోటి పరిశోధకుడైన హలాతోవ్‌తో కలిసి, శుద్ధమైన కొలెస్ట్రాల్‌ను పొద్దుతిరుగుడు నూనెలో కరిగించి కుందేళ్లకు పెట్టెను. మరికొన్నింటికి వట్టి నూనెనే ఇచ్చెను. వట్టి నూనె పుచ్చుకొన్న కుందేళ్ల ధమనులకు ఏ హానియు కలుగలేదు. కొలెస్ట్రాల్ తిన్నవాని ధమనులలో మాత్రము పసుపుపచ్చని క్రొవ్వు మచ్చలు ఏర్పడెను. 1913లో ఈ ఫలితములు జర్మను భాషలో ప్రకటింపబడెను. కొలెస్ట్రాల్ పెట్టుట మానినచో ఆ క్రొవ్వు కొంత తరుగునని కూడ తరువాత అతడు చూపెను.

కాని లోకము వెంటనే నమ్మలేదు. ఎలుకలకును, కుక్కలకును కొలెస్ట్రాల్ పెట్టి చూచినవారికి అట్టి మార్పు కనబడలేదు. కుందేలు గడ్డి తిను జంతువు. దానికి సహజము కాని ఆహారము పెట్టి కలిగించిన రోగమునుబట్టి మనుష్యుని సంగతి నిర్ణయింపరాదని పలువురు ఆక్షేపించిరి. ఎలుకలు, కుక్కలు అధికమైన కొలెస్ట్రాల్‌ను పైత్యరసములోని ఆమ్లములుగా మార్చుకొని వదిలించుకొనగలవని పిమ్మట తెలిసెను. అనిచ్‌కోవ్ కూడ కొలెస్ట్రాల్ ఒక్కటియే కారణమనలేదు. రక్తపు పోటు వంటివియు తోడ్పడుననియు, అయినను కొలెస్ట్రాల్ లేనిదే ఈ వ్యాధి కలుగదనియు అతని నిశ్చయము.

అతడు ఆక్షేపణలకు క్రుంగక పరిశోధన సాగించెను. 1946 నుండి 1953 వరకు సోవియట్ వైద్య విజ్ఞాన పరిషత్తునకు అధ్యక్షుడుగా నుండెను. ఈ లోపల, 1948లో, అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణమున వేలమంది ప్రజల ఆరోగ్యమును ఏండ్ల తరబడి గమనించు పని ఆరంభమయ్యెను. రక్తములో కొలెస్ట్రాల్, రక్తపు పోటు ఎక్కువగా నున్నవారికి గుండెజబ్బు ఎక్కువగా వచ్చుచున్నదని 1961లో ఆ పరిశోధకులు వెల్లడించిరి. గుండెజబ్బు వచ్చు అవకాశము కలవారు వెన్న, మాంసపు క్రొవ్వు వంటి గట్టి క్రొవ్వులను తగ్గింపవలెనని అమెరికా హృదయ సంఘము అదే సంవత్సరమున సలహా ఇచ్చెను. కుందేళ్లలో కనుగొన్న సత్యము దాదాపు అర్ధ శతాబ్దమునకు మనుష్యుల భోజనమునకు చేరెను.

అనిచ్‌కోవ్ 1964లో, అప్పుడు లెనిన్‌గ్రాడ్ అని పిలువబడుచుండిన తన జన్మనగరముననే, గుండెపోటుతోనే మరణించెను. పెక్కుమందికి ఆహారములోని కొలెస్ట్రాల్ కంటె గట్టి క్రొవ్వులే రక్తములోని కొలెస్ట్రాల్‌ను ఎక్కువగా పెంచునని తరువాత తేలెను. శాస్త్రము ఇట్లు తన్ను తాను దిద్దుకొనుచునే సాగును. అయినను ధమనుల చేటు కేవలము వయస్సు వలన కలుగునది కాదనియు, మనుష్యుడు దానిని కొంతవరకైనను నివారించుకొనగలడనియు లోకమునకు తెలియుటకు దారి చూపినవాడు అనిచ్‌కోవ్.