ఎమీల్ బోదో మహాశయుని జీవితము

కొందరు మహనీయుల పేరులు శిలావిగ్రహములపైన గాక కొలమానములందు నిలిచియున్నవి. విద్యుత్తును వోల్టులతో కొలుచునపుడు ఇటలీ దేశపు వోల్టాను, ఆంపియరులతో కొలుచునపుడు ఫ్రాన్సు దేశపు ఆంపియరును మనము తెలియకయే స్మరించుచున్నాము. తీగపై సంజ్ఞలు పోవు వేగమును కొలుచు బాడ్ అను మానము కూడ అట్లే యొక మనుష్యుని పేరు. ఆయనయే ఎమీల్ బోదో. గ్రామపాఠశాలతో చదువు ముగించిన యొక కర్షక కుమారుని పేరు లోకమున కంతకును కొలమానమైన విధము విద్యార్థులు తెలిసికొనదగినది.

బోదో 1845వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన ఫ్రాన్సులోని మాన్యో అను చిన్న గ్రామమున జన్మించెను. తండ్రి వ్యవసాయదారుడు. ప్రాథమిక పాఠశాలలో నేర్చినదే ఆయనకు బడిలో లభించిన విద్య. పిమ్మట పొలము పనులు చేయుచు యౌవనమును గడపెను. 1869లో తంతిశాఖయందు అభ్యాసకుడుగా చేరెను. ఆ శాఖవారు ఆయనకు మోర్సు పద్ధతిని నేర్పి, హ్యూసు పండితుడు నిర్మించిన అచ్చుతంతి యంత్రముపై నాలుగు మాసములు శిక్షణ నిప్పించిరి. 1870లో ప్రష్యాతో యుద్ధము సంభవింపగా కొంతకాలము సైన్యమున పనిచేసి, 1872లో పారిసు నగరమున మరల ఉద్యోగమున ప్రవేశించెను. ఆయనది దృఢశరీరము గాదు. అనారోగ్యముచే తరచుగా పనికి పోలేకుండెను; ఆ బాధ జీవితాంతము ఆయనను వీడలేదు.

నేటి బాలబాలికలకు తంతి యననేమో తెలియకపోవచ్చును. మన దేశమున 2013వ సంవత్సరము జులై మాసముతో ఆ సేవ నిలిచిపోయినది. అంతకు పూర్వము నూరేండ్లకు పైగా అత్యవసర వార్తలు తంతి తీగపైననే పోవుచుండెను. తీగలో విద్యుత్తును క్షణకాలము పంపియు ఆపియు సంజ్ఞలు చేయుటయు, అవతలి చివర వానిని అక్షరములుగా గ్రహించుటయు తంతిపని. దూరప్రదేశములకు తీగ వేయుట మిక్కిలి వ్యయముతో కూడినది. అట్టి తీగ అక్షరమునకు అక్షరమునకు నడుమ ఊరక పడియుండుట బోదో గమనించెను. ఒకని చేయి తరువాతి యక్షరమునకు సిద్ధమగులోపల అదే తీగను మరియొకడు ఏల వాడరాదని ఆయన ఆలోచించెను. ఉద్యోగపు వేళలు ముగిసిన పిమ్మట, తన సొంత కాలమున, ఈ సమస్యను సాధింప పూనుకొనెను.

మోర్సు పద్ధతిలో కొన్ని యక్షరములు పొట్టివి, కొన్ని పొడుగువి. బోదో ప్రతి యక్షరమునకును సరిగా ఐదు సంజ్ఞలనే కేటాయించెను. ఒక్కొక్క సంజ్ఞ రెండు విధములలో నేదో యొకటి యగును గనుక రెండును ఐదుమారులు హెచ్చవేయగా 32 కూర్పులు వచ్చును. పనివాని యెదుట ఐదు మీటలుండును. ఎడమచేతికి రెండు, కుడిచేతికి మూడు. తీగకు రెండు చివరలను సమవేగమున తిరుగు యంత్రములు నిలిపి, అవి పనివారికి వరుసగా వంతులు పంచునట్లు చేసెను. తన వంతు తెలుపు చప్పుడు వినిన వెంటనే పనివాడు మీటలు నొక్కవలెను. ముందైనను వెనుకైనను ఆ యక్షరము చెడును. ఐదు సంజ్ఞల యూహ అంతకు పూర్వమే జర్మనీలో గౌస్, వేబరు పండితులకు తట్టినది. ఒకే తీగను పలువురకు పంచుటకు మేయరు అనునాతడును యత్నించెను. ఈ రెంటిని చక్కగా పొందించి నిత్యవ్యవహారమునకు పనికివచ్చు యంత్రముగా చేసినది బోదో. 1874లో ఆయన ఈ పద్ధతికి పేటెంటు పొందెను. 1877 నవంబరులో పారిసునకును బోర్డో నగరమునకును నడుమ దానిని పరీక్షించిరి. మరుసటి యేడు పారిసున జరిగిన ప్రపంచ ప్రదర్శనమునందు ఆయనకు స్వర్ణపతకము లభించెను.

ఈ యంత్రపు వేగమును మనము లెక్కింతము. పనివాడు నిమిషమునకు 30 మాటలు పంపుననుకొందము. మాటకు 5 అక్షరములు, చివర ఒక ఖాళీ, వెరసి 6. కావున నిమిషమునకు 180 అక్షరములు, అనగా సెకనుకు 3. అక్షరమునకు 5 సంజ్ఞలు గనుక సెకనుకు 15 సంజ్ఞలు. ఒకే తీగపై నలుగురు పనిచేసిన 60 సంజ్ఞలు. యంత్రములు రెండును సమముగా నడచుటకు వలయు సంజ్ఞలు ఇందు చేరలేదు.

బోదో 1903 మార్చి 28న, ఏబదియేడేండ్ల ప్రాయమున, సో పట్టణమునందు మరణించెను. పిమ్మట తంతి శాస్త్రజ్ఞులు సెకనుకు ఒక సంజ్ఞ పోవు వేగమునకు ఆయన పేరు మీదుగా బాడ్ అని నామకరణము చేసిరి. బిట్టు అను మాట 1948లో షానన్ పండితుని వ్యాసముతో శాస్త్రమున ప్రవేశించినది. రెంటిలో ఒకదానిని తెలుపు సమాచారమే బిట్టు. బోదో యంత్రమున సంజ్ఞకు ఒక బిట్టు గనుక బాడ్‌లును, సెకనుకు పోవు బిట్లును సమానము. ఈ సమానత్వము వలననే పలువురు రెండును ఒకటియే యని భ్రమపడుదురు. సంజ్ఞ నాలుగు విధములుగా నుండగలిగినచో ఒక్కొక్కటి రెండు బిట్లను మోయును. టెలిఫోను తీగలపై నడచిన యొకరకపు మోడెము 600 బాడ్‌లతోనే సెకనుకు 1200 బిట్లను పంపుచుండెను. సంజ్ఞలు పదునారు విధములైనచో ఒక్కొక్కటి నాలుగు బిట్లను మోయును. అపుడు 2400 బాడ్‌లకు 9600 బిట్లు.

మరియొక భ్రమ నేడు ప్రతి యింటను గలదు. ఇంటర్నెట్టు వేగమును మెగాబిట్లలోను, దస్త్రముల పరిమాణమును మెగాబైట్లలోను చెప్పుదురు. బైటునకు 8 బిట్లు. ఆంగ్లమున చిన్న బి అక్షరము బిట్టును, పెద్ద బి అక్షరము బైటును సూచించును. సెకనుకు 40 మెగాబిట్లు వచ్చు ఇంట 600 మెగాబైట్ల చిత్రమును తెచ్చుకొనువాడు 600ను 40చే భాగించి 15 సెకనులని తలచును. నిజమునకు 40 మెగాబిట్లనగా 5 మెగాబైట్లు మాత్రమే. కావున 120 సెకనులు, అనగా రెండు నిమిషములు పట్టును. అతడు మోసపోతినని కోపించును గాని, మోసము లేదు. కొలచినదేమో అడుగకుండుటయే లోపము. సంజ్ఞలా, బిట్లా, బైట్లా యని ముందు విచారించినవానికి మార్పిడి హెచ్చవేతయు భాగహారమును మాత్రమే.

విద్యార్థులారా, బోదో క్రొత్త తీగను వేయలేదు. ఉన్న తీగలో వృథాపోవు క్షణములను లెక్కించి, వానిని పనికి తెచ్చెను. పెద్ద చదువు లేకున్నను, దేహము సహకరింపకున్నను, తన తీరిక వేళలను కూడ అట్లే వినియోగించెను. మీ దినచర్యయందును పనికి పనికి నడుమ వట్టిగా పోవు క్షణములు గలవు. వానిని కొలిచి చూడుడు. కొలుచునపుడు, కొలుచుచున్నదేమో మరువకుడు.