అంధ గిటార్ విద్వాంసుడు డాక్ వాట్సన్

ప్రతి వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుని జీవితం రాయడం మన హాస్టల్ ఆనవాయితీ. అంబేద్కర్ గురించి, జాషువా గురించి, సావిత్రీబాయి ఫూలే గురించి మన అన్నలు, అక్కలు ఇదివరకే చక్కగా రాశారు. ఈసారి మేము కొంచెం దూరం వెళ్తున్నాం. అమెరికా కొండల్లో ఒక పేద రైతు ఇంట పుట్టి, చూపు లేకపోయినా గిటార్ వాయించే పద్ధతినే మార్చిన డాక్ వాట్సన్ గురించి చెప్పాలనుకుంటున్నాం. ఆయన కన్నుమూసి పుష్కరం దాటింది. ఆయన కూడా చిన్నతనంలో ఇల్లు వదిలి హాస్టల్‌లో ఉన్నవాడే.

అసలు పేరు ఆర్థెల్ లేన్ వాట్సన్. 1923 మార్చి 3న నార్త్ కరోలినా రాష్ట్రంలో జన్మించారు. ఊరు డీప్ గ్యాప్. తొమ్మిది మంది సంతానంలో ఆరోవాడు. రెండేళ్ళు నిండకముందే కంటి జబ్బు చేసి చూపు పోయింది. ఇంట్లో డబ్బుకు కరువుగాని పాటకు కరువు లేదు. తండ్రి ఏటా క్రిస్మస్‌కు ఒక మౌత్ ఆర్గాన్ కొనిచ్చేవారు. పదకొండో ఏట స్వయంగా ఒక బాంజో చేసి చేతిలో పెట్టి, బాగా వాయించడం నేర్చుకోమన్నారు. దానికి బిగించింది ముసలి పిల్లి తోలు. డప్పుకు తోలు బిగించడం, మంట కాచి శ్రుతి చేయడం చూస్తూ పెరిగిన మనకు ఇందులో వింతేమీ లేదు.

పదేళ్ళ వయసులో ఆయన్ని రాలీ నగరంలోని ప్రభుత్వ అంధుల పాఠశాలలో చేర్చారు. ఊరి నుంచి సుమారు 300 కిలోమీటర్లు. సెలవులు అయిపోయి ట్రంకు పెట్టె సర్దుకునే రోజు ఎలా ఉంటుందో మనలో ఎవరికీ వేరే చెప్పనక్కర్లేదు. అయితే గిటార్ మీద మొదటి స్వరాల పట్లు ఆయనకు దొరికింది అక్కడే. నేర్పింది గురువు కాదు, తోటి విద్యార్థి.

ఒకసారి ఇంటి దగ్గర అరువు గిటార్‌ను తడుముతుంటే తండ్రి చూశారు. ఒక్క పాటైనా నేర్చుకుంటే సొంత గిటార్ కొనిస్తానని మాటిచ్చారు. హాస్టల్‌లో కొన్ని పట్లు ముందే వచ్చిన సంగతి తండ్రికి తెలియదు! పిల్లవాడు పాట వాయించి చూపాడు. తండ్రి మాట తప్పలేదు. ఆ గిటార్ ఖరీదు 12 డాలర్లు.

మాకు అంతకంటె గొప్పగా అనిపించింది రంపం సంగతి. గుడ్డివాడు గదా అని ఆ తండ్రి కొడుకును ఒక మూల కూర్చోబెట్టలేదు. ఇద్దరు చెరోవైపు పట్టుకుని కోసే పెద్ద రంపానికి ఒక కొస పట్టించారు. ఆ కాలంలో తెగులు సోకి ఆ కొండల్లో చెస్ట్‌నట్ చెట్లు నిలువునా చచ్చాయి. తోళ్ళు పదును చేయడానికి మన దగ్గర తంగేడు చెక్క వాడినట్టు అక్కడ ఆ కర్ర వాడేవారు. ఆర్థెల్, తమ్ముడు డేవిడ్ ఆ చెట్లు కొట్టి అమ్ముకున్నారు. తానూ పనికొస్తానని తనకు తెలిసింది ఆ రంపం వల్లనేనని ఆయన పెద్దయ్యాక చెప్పుకునేవారు.

డాక్ అనే పేరు రేడియో కార్యక్రమంలో వచ్చింది. ఆర్థెల్ అని పలకడం ఇబ్బందిగా ఉందని అనౌన్సర్ అంటే, జనంలోంచి ఎవరో డాక్ అని పిలవమన్నారు. అదే స్థిరపడిపోయింది. 1947లో ఫిడేలు వాద్యకారుడు గేథర్ కార్ల్‌టన్ కుమార్తె రోజా లీని పెళ్ళాడారు. 1949లో మెర్ల్, 1951లో నాన్సీ పుట్టారు. పియానోలు శ్రుతి చేస్తూ కుటుంబాన్ని పోషించారు.

ఇక అసలు విషయం. బిల్ మన్రో బృందం పేరు మీద బ్లూగ్రాస్ అని పిలిచే సంగీతం ఒకటుంది. అందులో ఫిడేలు, బాంజో, మాండలిన్ వంతులవారీగా ముందుకొచ్చి వరుస వాయిస్తాయి. గిటార్ పని ప్రధానంగా వెనక దరువు వేయడం. పెళ్ళి మేళంలో డోలు లాంటిదన్నమాట. 1953లో డాక్ ఒక నాట్య బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ వాయించడానికి చేరారు. నాట్యానికి ఫిడేలు వరుసలు కావాలి, బృందంలో ఫిడేలు వాయించేవాడు లేడు. ఆ లోటు గిటార్‌తోనే పూడ్చవలసి వచ్చింది.

అది ఎంత కష్టమో గిటార్ పట్టిన తమ్ముళ్ళకు తెలుస్తుంది. ఫిడేలు కమాను ఒక్క లాగుతో నాలుగైదు స్వరాలు పలికిస్తుంది. గిటార్ మీద ప్రతి స్వరాన్నీ విడిగా మీటాలి. చేతిలో ఉండేది చిన్న బిళ్ళ. దాన్ని ఒకసారి కిందికి, ఒకసారి పైకి, తాళం తప్పకుండా కొడుతూ ఉండాలి. దెబ్బ పడే చోట కిందికి, దెబ్బకు దెబ్బకు నడుమ పైకి. మామూలుగా ఆ వరుసలకు రెండు భాగాలుంటాయి, ఒక్కొక్కటి రెండేసి సార్లు వాయించాలి. ఎదురుగా జనం ఆడుతుంటే మధ్యలో ఆగడానికి వీల్లేదు. కాగితం మీద స్వరాలు చూసుకునే వీలు ఆయనకు ఎటూ లేదు, విని పట్టుకోవలసిందే. రాత్రి తర్వాత రాత్రి అలా వాయించీ వాయించీ చెయ్యి తిరిగింది. తీరిక ఉండి నేర్చిన విద్య కాదది, అవసరం కొద్దీ వచ్చింది.

1960లో రాల్ఫ్ రింజ్లర్ అనే యువకుడు క్లారెన్స్ ఆష్లీ అనే పాత గాయకుడి పాటలు రికార్డు చేసుకోవడానికి ఆ కొండలకు వచ్చాడు. పక్క వాద్యానికి పిలిచిన డాక్ దగ్గర ఎలక్ట్రిక్ గిటార్ మాత్రమే ఉంది. అది పాత పాటలకు నప్పదని రింజ్లర్‌కు మొదట రుచించలేదు. తర్వాత డాక్ బాంజో వాయిస్తుంటే విని, ఈయన ఎవరో గ్రహించాడు. 1961లో న్యూయార్క్ కచేరీ, 1963లో న్యూపోర్ట్ జానపద ఉత్సవం, 1964లో సొంత పేరుతో మొదటి ఆల్బమ్. అప్పటికి ఆయనకు నలభై దాటాయి. ఆయన వాయించగా విన్న క్లారెన్స్ వైట్ అనే కుర్రవాడు ఆ పద్ధతిని బ్లూగ్రాస్ బృందంలోకి తెచ్చాడు. అతని నుంచి టోనీ రైస్ అందుకున్నాడు. దరువు వేసే గిటార్ అలా ముందు వరుసకు వచ్చింది.

1964లో డాక్ కచేరీలకు వెళ్ళినప్పుడు ఇంటి దగ్గర మెర్ల్‌కు తల్లి గిటార్ పట్లు నేర్పింది. ఆ ఏడే తండ్రీకొడుకులు ఒకే వేదిక ఎక్కారు. ఇరవై ఏళ్ళకు పైగా కొడుకే ఆయనకు తోడు, దారి చూపే చెయ్యి. 1985 అక్టోబరులో ట్రాక్టర్ ప్రమాదంలో మెర్ల్ చనిపోయాడు. డాక్ వాయించడమే మానేద్దామనుకున్నారు. అయినా మళ్ళీ గిటార్ పట్టారు. 1988 నుంచి కొడుకు పేరు మీద విల్క్స్‌బరోలో మెర్ల్‌ఫెస్ట్ ఉత్సవం మొదలైంది. 1997లో అధ్యక్షుడు క్లింటన్ జాతీయ కళా పతకం ఇచ్చారు. గ్రామీలు ఏడు వచ్చాయి.

కుటుంబం గడవక ఒకప్పుడు చిల్లర కోసం వాయించిన బూన్ పట్టణం వీధిలోనే 2011లో ఆయన కంచు విగ్రహం పెట్టారు. తనను గొప్పవాడని రాయవద్దనీ, జనంలో ఒకడినని రాస్తే చాలనీ ఆయన కోరారు. అలాగే చెక్కించారు. మరుసటి ఏడు మే 29న, 89వ ఏట కన్నుమూశారు. ఆ విగ్రహం ఎత్తయిన దిమ్మె మీద ఉండదు. బజారులో బల్ల మీద గిటార్ పట్టుకుని కూర్చుని ఉంటుంది. వచ్చేపోయేవాళ్ళు పక్కన కూర్చోవడానికి చోటుంది.