దుర్గాబాయి బాలవాడి ఏ వీధిలో తెరుచుకుంది?

ముదినేపల్లి మండలంలో ఊడ్పులు మొదలైతే ఆడకూలీల ముఠాలు తెల్లారేసరికే చేలకు బయల్దేరతాయి. అంగన్‌వాడీ తెరిచేది తొమ్మిదింటికి. ఈలోపు రెండేళ్ల పిల్లనో మూడేళ్ల పిల్లాడినో ఎవరు చూడాలి? ఇంట్లో ముసలమ్మ ఉంటే ఆమె చూస్తుంది. లేకపోతే ఎనిమిదేళ్ల అక్క చూస్తుంది. ఆ రోజు అక్క బడికి పోదు. 2022లో ముదినేపల్లిని ఏలూరు జిల్లాలో కలిపారు గానీ పొలమూ కాలవా కూలిరేటూ అన్నీ గుడివాడ వైపువే. కృష్ణా డెల్టా కింది భాగంలో ఏ దళితవాడకు వెళ్లినా ఈ అక్క కనిపిస్తుంది.

పసిపిల్లల సంరక్షణకు ప్రభుత్వం డబ్బు పెట్టాలన్న ఆలోచనను స్వతంత్ర భారతంలో ఒక పద్ధతిగా నిలబెట్టినవాళ్లలో ముందు చెప్పాల్సిన పేరు ఒక తెలుగు మహిళది. ఆమె దుర్గాబాయి దేశ్‌ముఖ్. మా పేజీల్లో ఆమె గురించి రాయడం అరుదు. బ్రాహ్మణ కుటుంబంలో పుట్టిన కాంగ్రెస్ నాయకురాలిని కీర్తించే పని మాది కాదు, ఆ పని చేసే సంస్థలు చాలానే ఉన్నాయి. కానీ మన వాడల్లోని అంగన్‌వాడీ గురించి మాట్లాడేటప్పుడు ఆమె ఏం చేసిందో, ఆ పని ఎక్కడ ఆగిపోయిందో తెలియకపోతే మన వాదన సగమే అవుతుంది.

దుర్గాబాయి 1909 జూలై 15న రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆ కాపురానికి వెళ్లనని తేల్చి చెప్పి, అతణ్ని వేరే పెళ్లి చేసుకోమన్నారు. ఆ రోజుల్లో ఒక బ్రాహ్మణ ఇంటి ఆడపిల్ల అలా అనడం చిన్న విషయం కాదు. కాకినాడలో పదమూడు పద్నాలుగేళ్ల వయసులో ఆడవాళ్లకు హిందీ నేర్పే బడి నడిపారు. 1921లో గాంధీ కాకినాడ వస్తున్నాడని తెలిసి, ఊళ్లోని దేవదాసీలతోనూ ముస్లిం స్త్రీలతోనూ ఆయన మాట్లాడాలని పట్టుబట్టారు. అందుకు ఐదు వేల రూపాయల నిధి ఇవ్వాలని నిర్వాహకులు షరతు పెడితే, ఆ స్త్రీలే డబ్బు పోగుచేశారు. సభలో ఒంటిమీది నగలు కూడా తీసి ఇచ్చారు. పన్నెండేళ్ల పిల్లకు దేవదాసీలు గుర్తుకు రావడం మాకు ముఖ్యంగా అనిపిస్తుంది. గుళ్లకు ముడిపడిన ఆ బతుకుల్లోకి ఏ కులాల ఆడపిల్లలు వెళ్లేవారో వేరే చెప్పనక్కర్లేదు.

1923 కాకినాడ కాంగ్రెస్‌లో ఖాదీ ప్రదర్శనకు టికెట్టు లేకుండా వచ్చిన నెహ్రూను గేటు దగ్గర ఆపిన కథ అందరికీ తెలిసిందే, పాఠ్యపుస్తకాలు అక్కడితోనే సరిపెడతాయి. అంతకన్నా పెద్ద మలుపు జైల్లో వచ్చింది. 1930లో మద్రాసు ఉప్పు సత్యాగ్రహంలో దిగి, తర్వాతి మూడేళ్లలో మళ్లీ మళ్లీ అరెస్టయ్యారు. వేలూరు జైల్లో హత్యానేరాల మీద శిక్ష పడిన స్త్రీలు ఆమెకు తోటి ఖైదీలయ్యారు. చదువు లేదు, వకీలు లేడు, తమమీద పెట్టిన కేసేమిటో కూడా చాలామందికి తెలియదు. మదురై జైల్లో ఏకాంతవాసం ఆమె ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. బయటికొచ్చాక రాజకీయాలు పక్కనపెట్టి చదువులో పడ్డారు. కాశీ నుంచి మెట్రిక్, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ, ఆపైన మద్రాసులో లా చదివి 1942లో వకీలయ్యారు. ఈలోగా 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ మొదలుపెట్టారు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్లకు మెట్రిక్ పాఠాలు చెప్పడంతో మొదలైన సంస్థ, తర్వాత ఆస్పత్రులూ కాలేజీల దాకా పెరిగింది. సర్కారు డబ్బు స్వచ్ఛంద సంస్థల చేతిలో పెడితే పని జరుగుతుందన్న ఆమె నమ్మకానికి పునాది ఇక్కడ పడింది. తన సంస్థ నడిచింది కాబట్టి అన్నీ అలాగే నడుస్తాయని అనుకున్నారు.

1946లో మద్రాసు రాష్ట్రం నుంచి రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు. అధ్యక్షుడు లేనప్పుడు సభ నడిపే సభ్యుల జాబితాలో ఉన్న ఒకే ఒక్క మహిళ ఆమె. హిందూ కోడ్ బిల్లులో స్త్రీల ఆస్తిహక్కుకు మద్దతుగా నిలబడ్డారు. ఆ విషయంలో అంబేడ్కర్ పక్షాన ఉన్న కొద్దిమంది కాంగ్రెస్ సభ్యుల్లో ఆమెను లెక్కవేయాలి.

ఇక్కడ అంబేడ్కర్ గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. పసిపిల్లల తల్లి కూలి చేస్తే ఆ ఖర్చు ఎవరు భరించాలనే ప్రశ్న ఆయన 1928లోనే బొంబాయి శాసనమండలిలో లేవనెత్తి, ప్రసూతి సహాయ బిల్లును సమర్థించారు. వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా 1942 నుంచి 1946 వరకూ ఉన్నప్పుడు గనుల్లో పనిచేసే స్త్రీల ప్రసూతి చట్టాన్ని సవరించారు. అంబేడ్కర్ దారిలో అది కూలి చేసే తల్లి హక్కు. దుర్గాబాయి దారిలో అది సంక్షేమ సేవ. ఆ తేడా తర్వాత మన వాడల్ని ఎలా తాకిందో చూద్దాం. అయితే హక్కుగా రాసిన చట్టాల్లోనూ మన తల్లులకు చోటు దక్కలేదు. 1948 ఫ్యాక్టరీల చట్టం యాభైమందికి పైగా ఆడవాళ్లు పనిచేసే చోట శిశుసదనం ఉండాలంది. 1976లో ఆ సంఖ్యను ముప్పైకి తగ్గించారు. వరిచేను ఫ్యాక్టరీ కాదు. గట్టుమీద చీరతో ఉయ్యాల కట్టిన తల్లి ఆ చట్టానికి కనిపించలేదు.

1952 ఎన్నికల్లో దుర్గాబాయి ఓడిపోయారు. ఆ తర్వాత ప్రణాళికా సంఘంలో సామాజిక సేవల బాధ్యత తీసుకున్నారు. 1953 జనవరిలో అప్పటి ఆర్థికమంత్రి చింతామణి దేశ్‌ముఖ్‌ను పెళ్లి చేసుకున్నారు. అదే ఏడాది ఆగస్టులో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ఏర్పడింది, ఆమె మొదటి అధ్యక్షురాలు. స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇవ్వడానికి మొదటి పంచవర్ష ప్రణాళికలో నాలుగు కోట్ల రూపాయలు కేటాయించారు. బాలవాడీలూ, ప్రసూతి కేంద్రాలూ, స్త్రీల కుట్టు తరగతులూ ఆ డబ్బుతో నడిచాయి.

గ్రాంటు రావాలంటే ముందు ఒక సంస్థ ఉండాలి. దానికి కమిటీ కావాలి, లెక్కల పుస్తకం కావాలి, ఖర్చులో కొంత తామే భరించగలగాలి. ఇప్పుడు 1953 నాటి డెల్టా ఊరిని ఊహించుకోండి. మహిళా మండలి పెట్టగల తీరిక ఎవరి ఆడవాళ్లకు ఉంది? ఇవ్వడానికి గది, సత్రం, మండపం ఎవరి వీధిలో ఉన్నాయి? దరఖాస్తు రాయగల చదువు ఎవరి ఇంట్లో ఉంది? ఈ మూడింటికీ ఒకటే జవాబు. కాలవ అవతలి మాలపల్లెకూ మాదిగగూడేనికీ బాలవాడి తలుపు కాగితం మీద తెరిచే ఉంటుంది. కానీ గుడి పక్క గదిలోకి, పెద్దరైతు ఇంటి అరుగుమీదికి తన బిడ్డను పంపి ఒకే బానలో నీళ్లు తాగిస్తారని ఏ పాలేరు భార్య నమ్ముతుంది? అంటరానితనాన్ని నేరంగా శిక్షించే కేంద్ర చట్టమే 1955లో వచ్చింది. అందుకే అంటున్నాం, ఉన్న సంస్థలకు డబ్బిచ్చే పద్ధతి ఉన్నవాళ్ల వీధిలోకే ముందు వెళ్తుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ అక్కర్లేదు.

దుర్గాబాయికి ఈ ఇబ్బంది సగం అర్థమైంది. సంస్థలన్నీ పట్టణాల్లోనే పోగుపడ్డాయని గుర్తించి, 1954లో పల్లెల కోసం సంక్షేమ విస్తరణ ప్రాజెక్టులు మొదలుపెట్టించారు. ఒక్కో ప్రాజెక్టు కింద పాతిక ఊళ్ల దాకా ఉండేవి. గ్రామసేవిక, మంత్రసాని, బాలవాడి అన్నీ ఒకచోట. పట్నానికీ పల్లెకూ మధ్య దూరం ఆమె చూశారు. ఊరికీ వాడకూ మధ్య దూరం మాత్రం ప్రాజెక్టు నమూనాలో లేదు. స్థానిక కమిటీలో ఎవరు కూర్చుంటారన్నదే అక్కడ అన్నీ తేల్చేది.

అదే కాలంలో మహారాష్ట్ర తీరంలోని బోర్డీలో తారాబాయి మోదక్ అనే ఉపాధ్యాయురాలు మరో దారి పట్టారు. 1945లో అక్కడ బాలవాడి పెట్టాక, పేదల పిల్లలు దానికి రాకపోతే బడినే వాళ్ల వాకిట్లోకి తీసుకెళ్లారు. ఆంగన్ అంటే వాకిలి. ఈ రోజు మనం పలికే అంగన్‌వాడీ మాట వెనక ఉన్నది ఆ పనే. కొత్త భవనమూ కమిటీ హాలూ లేకుండా పిల్లలున్న వాకిట్లోనే చాప పరిచారు. దుర్గాబాయి దగ్గర డబ్బూ అధికారమూ ఉన్నాయి. తారాబాయి దగ్గర వాకిలి ఉంది. ఈ రెండూ కలవడానికి ఇంకా ముప్పై ఏళ్లు పట్టింది.

1958లో స్త్రీ విద్యపై ఏర్పడిన జాతీయ కమిటీకి దుర్గాబాయి అధ్యక్షత వహించారు. తర్వాత హైదరాబాద్‌లో ఆంధ్ర మహిళా సభ పనిలో మునిగిపోయారు. 1975లో పద్మవిభూషణ్ వచ్చింది. ఆ ఏడాదే అక్టోబర్ 2న 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదలైంది. సంస్థ దరఖాస్తు కోసం చూడకుండా, జనాభా లెక్కన కేంద్రం తెరవడం అందులో కొత్త. 1981 మే 9న ఆమె చనిపోయేనాటికి ఆ పథకం ఇంకా విస్తరిస్తూనే ఉంది.

కానీ జనాభా లెక్క కూడా వాడను దాటిపోయింది. ఊరికి ఒక కేంద్రం వస్తే అది ఊళ్లోనే తెరుచుకునేది. ఆహార హక్కు కేసులో సుప్రీంకోర్టు 2004 అక్టోబరులో, ఎస్సీ, ఎస్టీ ఆవాసాలన్నిటికీ అంగన్‌వాడీలు త్వరగా రావాలనీ, ఆహారం సరఫరాలో కాంట్రాక్టర్లు ఉండకూడదనీ ఆదేశించింది. 2006 డిసెంబర్ 13న మరో అడుగు వేసింది. ఆరేళ్లలోపు పిల్లలు నలభైమంది ఉన్న ఆవాసం అడిగితే మూడు నెలల్లో కేంద్రం తెరవాలి, ఎస్సీ, ఎస్టీ ఆవాసాలకు మొదటి ప్రాధాన్యం ఇవ్వాలి. ఆ కేసులో కోర్టు నియమించిన కమిషనర్లలో మన ఎస్.ఆర్. శంకరన్ ఒకరు. బోర్డు గ్రాంటుకు సంస్థ అడగాల్సి వచ్చేది. ఇప్పుడు వాడే అడగొచ్చు.

ఇంతకీ కుటుంబానికి అందేదేమిటి? బడికి ముందు వయసు పిల్లలకు నగదు సాయం లేదు. తల్లికి వందనం డబ్బు ఒకటో తరగతి నుంచే. ప్రైవేటు బడుల్లో పేదలకు ఇచ్చే 25 శాతం సీట్లు, బడిలో ఎల్‌కేజీ ఉంటే అక్కడినుంచే వర్తించాలని విద్యాహక్కు చట్టం అంటుంది, మన రాష్ట్రంలో మాత్రం ఒకటో తరగతికే ఇస్తున్నారు. ఆలోపు సర్కారు వాటా అంటే అంగన్‌వాడీలో గుడ్డు, పాలు, అన్నం, ఆటపాటలు. 2017లో కేంద్రం సవరించిన లెక్క ప్రకారం పోషకాహారానికి బిడ్డకు రోజుకు ఎనిమిది రూపాయలు. మూడేళ్లలోపు బిడ్డకు సరుకు ఇంటికిస్తారు తప్ప కేంద్రంలో ఉంచుకోరు. తల్లి చేలో ఉండే గంటలకు ఆ బిడ్డకు నీడ లేదు. 2005 ఉపాధి హామీ చట్టం ఒక్కటే, పనిచోటుకు ఐదుగురు చిన్నపిల్లలు వస్తే వాళ్లను చూసే మహిళకు కూలి ఇవ్వాలని రాసింది. వరిచేలో, చేపల చెరువు దగ్గర ఆ నియమం చెల్లదు.

2013 ఆహార భద్రత చట్టం ప్రకారం అంగన్‌వాడీ భోజనం హక్కు. అందకపోతే దాని బదులు భత్యం చెల్లించాలి. వాడలో కేంద్రం లేకపోతే ఆరేళ్లలోపు పిల్లల పేర్లు, వయసులు, తల్లుల సంతకాలతో జాబితా రాసి, 2006 తీర్పును ప్రస్తావిస్తూ సీడీపీవో కార్యాలయంలో ఇచ్చి, తేదీ వేసిన రసీదు తీసుకోవాలి. మూడు నెలల గడువు అడిగిన రోజు నుంచే మొదలవుతుంది.