భాగ్యరెడ్డి వర్మ అడిగిన పేరు

సంచికకు ఒక మహనీయుడి జీవితం రాయమని మిత్రులు అడిగినప్పుడు నాకు భాగ్యరెడ్డి వర్మ గుర్తొచ్చారు. అంబేడ్కర్ గురించి మనం బడిలోనే చదువుకున్నాం. ఆయనకన్నా మూడేళ్ల ముందు, 1888 మే 22న, మన హైదరాబాదులోనే ఒక మాల కుటుంబంలో పుట్టిన ఈయన పేరు మాత్రం నా చదువంతా అయ్యాకే చెవిన పడింది.

అసలు పేరు మాదరి భాగయ్య. భాగ్యరెడ్డి అని పిలిచింది వాళ్ల కులగురువు. రెడ్డి అంటే రేడు, ఏలినవాడు. ఈ నేల ఒకప్పుడు మనవాళ్లదేనని ఆ గురువు భావమట. వర్మ అన్నది 1913లో ఆర్యసమాజం వారిచ్చిన బిరుదు.

1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథలతో వాడల్లో పని మొదలుపెట్టారు. తాగుడు మానమన్నారు, ఆడపిల్లలను జోగినులుగా వదలొద్దన్నారు. 1917లో బెజవాడ పంచమ మహాసభకు అధ్యక్షుడిగా వెళ్లి, పంచమ అన్న మాటనే కాదన్నారు. పురాణాల్లో లేని పేరు మాకెందుకు, మేమీ నేలకు మొదటివాళ్లమని వాదించారు. ఆ సభే ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఆ పేరును ఒప్పుకుంది. నిజాం రాజ్యంలో 1931 జనాభా లెక్కల్లో ఆది హిందువులని రాశారు. అప్పట్లో మన నారాయణఖేడ్ తాలూకా బీదర్ జిల్లాలో ఉండేది. ఆ లెక్క మన మనూర్‌కూ వర్తించింది.

ఎవరు ముందొచ్చారు, ఎవరు వెనకొచ్చారన్న జాతి సిద్ధాంతాల మీద నాకంత గురి లేదు. అయినా సర్కారు కాగితం మీద మేం చెప్పుకున్న పేరే రాయండని అడగడానికి ఎంత గుండె కావాలో నాకు తెలుసు. ముప్పై ఏళ్లు ప్రవేశ రిజిస్టర్లు రాసినవాణ్ణి. ఊరి పేరు, పుట్టిన తేదీ గట్టిగా చెప్పిన తండ్రి కులం గడి దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించడం ఎన్నిసార్లు విన్నానో!

ఆయన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది బడులు. 1910లో మొదలుపెట్టి, ఉర్దూ రాజభాషగా ఉన్న రాజ్యంలో దళిత పిల్లలకు తెలుగులో చదువు చెప్పించారు. 1933 నాటికి అవి 26 అయ్యాయి, పిల్లలు సుమారు 2,500 మంది. తర్వాత వాటిని ప్రభుత్వమే తీసుకుంది. 1939 ఫిబ్రవరి 18న ఆయన కన్నుమూశారు.

మన బడి గ్రంథాలయానికి ఈ ఏడు ఆయన జీవిత చరిత్ర ఒకటి ఇవ్వాలనుకుంటున్నాను. తెలుగు సార్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకుండా తొమ్మిది, పదో తరగతి పిల్లల చేతికివ్వాలని నా మనవి.